మేటివారి పక్కన ఆడటానికి జంకెందుకు?

అరసవల్లి నుంచి విశాఖ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బుకు వెళ్లే కొత్త ఆటగాడు తనకన్నా మేటివారితో ఆడటానికి జంకనక్కర్లేదు. హ్యాండీక్యాప్ ఉన్నదే అందుకు. 2020లో వచ్చిన ప్రపంచ పద్ధతిలో అది 54 దాకా ఉండొచ్చు. ఆ మేరకు దెబ్బలు తగ్గించి లెక్కిస్తారు. పైగా ఎవరి బంతి వారిదే. మీ గురి తప్పితే ఎదుటివారి స్కోరు చెడదు. వారి సమయం తినేస్తామన్న సంకోచం మాత్రం న్యాయమైనదే. కానీ దానికి కావలసింది నైపుణ్యం కాదు, వంతు వచ్చేసరికి సిద్ధంగా ఉండటం. పోయిన బంతిని వెతికే గడువును 2019 నిబంధనలు ఐదు నిమిషాల నుంచి మూడుకు కుదించాయి. కొత్తవారు దాన్ని కచ్చితంగా పాటించాలి. అరసవల్లి ఉన్న శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి కూడా, తనకన్నా ముందే బరువులెత్తుతున్న అక్క బాటలో నడిచే 2000లో సిడ్నీ ఒలింపిక్స్ కాంస్యం దాకా వెళ్లారు. కొత్తవారిని కొత్తవారితోనే జతచేయడం క్లబ్బులు మానుకోవాలి.