స్త్రీలు–న్యాయవిషయములు: అప్పుదావాలో ఫిర్యాదును పరీక్షించుట

కోర్టు బంట్రోతు సమను పట్టుకొని గుమ్మములో నిలిచినచో అనేక గృహములలో ఇల్లాండ్రు చేయు పని యేమి? ఆ కాగితమును బీరువాలో దాచుట, లేక దూరపు బంధువునకిచ్చి మఱచుట. వాయిదానాడు ఎవరును హాజరు కాకున్నచో ఏకపక్షముగా డిక్రీ యగును. నిజముగా బాకీ యున్నను లేకున్నను, సమనుతో వచ్చిన ఫిర్యాదు నకలును మొదట నెమ్మదిగా చదువవలెను.

ఫిర్యాదులో ఏమేమి యుండవలెనో 1908 సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు, 7వ ఆర్డరు చెప్పుచున్నది. వ్యాజ్యకారణ మెట్లు, ఎప్పుడు కలిగెను? రావలసిన మొత్త మెంత? ప్రతివాదికి బాధ్యత ఏ విధముగా వచ్చినది? గడువు దాటి దావా వేసినచో ఆ గడువునుండి మినహాయింపు ఏ కారణముచేత కోరుచున్నారు? వాది వీటిని వ్రాసి, తా నాధారపడు నోటును ఫిర్యాదుతోనే దాఖలు చేయవలెను. “నాకు బాకీ యున్నారు, ఇప్పింపుడు” అనినంత మాత్రమున చాలదు.

ఒక యుదాహరణము. బొబ్బిలి ప్రాంతమున ఒక రైతు 2015 జూన్ 10వ తేదీన ప్రామిసరీ నోటు వ్రాసి మరణించెననుకొందము. ఋణదాత 2019 ఆగస్టులో అతని భార్యపై దావా వేసెను. కోరినప్పుడు చెల్లింపవలసిన నోటునకు, అది వ్రాసిన తేదీనుండి గడువు మూడు సంవత్సరములే. అది 2018 జూన్‌తో ముగిసినది. నడుమ 2017 మార్చిలో భర్త కొంత సొమ్మిచ్చి, నోటుపై చెల్లు వ్రాసి సంతకము చేసియున్నచో గడువు 2020 మార్చి వఱకు పెరుగును. ఆ చెల్లు సంగతి ఫిర్యాదులో లేకున్నచో దావా కాలదోషము పట్టినదే. మఱియు ఆ భార్య తానుగా నోటుపై సంతకము చేయనిచో, భర్త ఆస్తి తన చేతికి వచ్చినంత వఱకే ఆమెకు బాధ్యత. ఆమె స్త్రీధనము, స్వార్జితము దీనికి లోబడవు.

ఇట్టి లోపము ఫిర్యాదులోనే కన్పట్టినచో 7వ ఆర్డరు 11వ నిబంధన ననుసరించి దానిని త్రోసివేయుమని అర్జీ పెట్టవచ్చును. న్యాయాధిపతి అప్పుడు ఫిర్యాదును, దానితోడి పత్రములను మాత్రమే చూచును. ప్రతివాది వాదమును చూడడు. మాటల నేర్పుతో వ్యాజ్యకారణ మున్నట్లు భ్రమ కల్పించు దావాలను మొదటనే త్రుంపవలెనని 1977లో సుప్రీముకోర్టు హెచ్చరించినది. కాని చిన్న లోపములను సవరించుకొనుటకు వాదికి అనుమతి దొరకును. ఫిర్యాదు త్రోసివేయబడినను, గడువు మిగిలియున్నచో మరల దావా వేయవచ్చును.

కావున ఈ అర్జీనే నమ్ముకొని జవాబుదావాను మానరాదు. సమను అందిన 30 దినములలో దానిని దాఖలు చేయవలెను. కోర్టు కారణములు వ్రాసి 90 దినముల వఱకు గడువు నీయవచ్చును. “ఫిర్యాదులోని వన్నియు అబద్ధములు” అని గంపగుత్తగా వ్రాసిన ప్రయోజనము లేదు. ఒక్కొక్క యంశమును పేర్కొని కాదనవలెను. కాదననిది ఒప్పుకొన్నట్లే యగును. సంతకము భర్తది కాదా? తెల్లకాగితముపై తీసికొన్నదా? సొమ్ము ముట్టలేదా? ఏది నిజమో అదియే స్పష్టముగా వ్రాయవలెను. సంతకము రుజువైనచో సొమ్ము ముట్టినట్లే చట్టము భావించును. అయినను పరిస్థితులనుబట్టి ప్రతివాది ఆ భావనను తొలగింపగలిగినచో, సొమ్మిచ్చితినని రుజువు చేయు భారము మరల వాదిపై పడునని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పూర్ణధర్మాసనము తీర్పు చెప్పినది. ఆ తీర్పు 1987 రిపోర్టులలో ఉన్నది. వ్యవసాయ కుటుంబమువారు 1938 సంవత్సరపు వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టముక్రింద వడ్డీ తగ్గింపు కోరదలచినచో ఆ మాటయు జవాబులో నుండవలెను.

అప్పిచ్చిన స్త్రీలకును ఈ నియమములే. గాజులమ్మిన సొమ్ము బదులిచ్చి, నోటును పోగొట్టుకొని, చెల్లు వ్రాయించుకొనక మూడేండ్లు దాటనిచ్చిన సోదరికి న్యాయమున్నను డిక్రీ దొరకుట దుర్లభము.

ప్లీడరునకీయ సొమ్ము లేదని వెనుదీయనక్కఱలేదు. 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము, ఆదాయముతో నిమిత్తము లేక, స్త్రీకి ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. శ్రీకాకుళమునందును, విజయనగరమునందును జిల్లా న్యాయసేవాధికార సంస్థలున్నవి. సమను వచ్చిన వారములోనే, దానిని, ఫిర్యాదు నకలును, ఇంటిలోని రసీదులను తీసికొని అచ్చటికి వెళ్లుడు.