ఒకటో తరగతి హోంవర్క్: బరువు ఇంటి మీద, లెక్క ఎవరి దగ్గర?

హన్మకొండలోని సుబేదారి చదువుల పేట. నిజాం కాలపు సుబేదార్ల పేరు మోస్తున్న ఈ ప్రాంతంలోనే కలెక్టరేట్ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయం ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీ ఉంది. చుట్టుపక్కల గల్లీల్లో సర్కారు బడులు, ప్రైవేటు స్కూళ్లు, ట్యూషన్ సెంటర్లు పక్కపక్కనే కనిపిస్తాయి. ఇక్కడి ఇళ్లల్లో సాయంత్రం పూట అందరినీ సతాయించే మాట ఒక్కటే, హోంవర్క్. పదో తరగతి పిల్లల సంగతి సరే. ఆరేళ్లు కూడా సరిగ్గా నిండని ఒకటో తరగతి పిల్లలకూ రోజూ రెండు మూడు పేజీల రాత పని ఇంటికి వస్తోంది. బడి వదిలాక క్లాసు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడుతుంది. ఆ తర్వాత పరీక్ష పిల్లకు కాదు, తల్లికి.

అసలు ఈ వయసు పిల్లలకు హోంవర్క్ ఇవ్వొచ్చా అన్న ప్రశ్నకు జవాబు కొత్తగా వెతకాల్సిన పని లేదు. అది కాగితం మీద ఎప్పుడో తేలిపోయింది.

నిబంధనలు ఏమంటున్నాయి?

ప్రొఫెసర్ యశ్‌పాల్ కమిటీ 1993లోనే 'భారం లేని చదువు' గురించి కేంద్రానికి నివేదిక ఇచ్చింది. ప్రాథమిక తరగతుల్లో హోంవర్క్ వద్దని, ఇంటి పరిసరాలను పిల్లలు గమనించే పనులు ఉంటే చాలని అందులో చెప్పింది. 2017 జూలైలో తెలంగాణ ప్రభుత్వం బడి సంచి బరువుకు పరిమితి పెట్టింది. ఒకటి, రెండు తరగతులకు కిలోన్నర మించొద్దని, ప్రాథమిక తరగతుల పిల్లలకు హోంవర్క్ ఇవ్వొద్దని ఆ ఉత్తర్వుల సారాంశం. 2018 మేలో మద్రాస్ హైకోర్టు కూడా ఒకటి, రెండు తరగతులకు హోంవర్క్ ఉండొద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో కేంద్రం ఇదే మాటను అన్ని రాష్ట్రాలకూ రాసింది.

2020లో వచ్చిన జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం ఇంకా వివరంగా చెప్పింది. రెండో తరగతి వరకు హోంవర్క్ అసలే లేదు. మూడు నుంచి ఐదో తరగతి వరకు వారానికి గరిష్ఠంగా 2 గంటలు. గమనించాలి, ఇది రోజుకు కాదు, వారానికి. ఆరు రోజులకు పంచితే రోజుకు 20 నిమిషాలు. మూడో తరగతి పిల్లాడు రోజూ గంటసేపు రాస్తున్నాడంటే, వారం పని రెండు రోజుల్లోనే అయిపోయినట్టు. మిగతా నాలుగు రోజులు ఓవర్‌టైమే.

విద్యాహక్కు చట్టం లెక్క కూడా చూద్దాం. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పని దినాలు, 800 బోధన గంటలు ఉండాలని 2009 నాటి ఆ చట్టం చెబుతోంది. అంటే రోజుకు సగటున 4 గంటల చదువు. పాఠం చెప్పడం, చేయించడం, మళ్లీ చూడడం అన్నీ ఆ టైంలోనే జరగాలి. అక్కడ మిగిలిపోయిన పనే సంచిలో ఇంటికి వస్తోంది.

అయినా ఎందుకు ఆగడం లేదు?

తప్పంతా బడులదే అంటే సగం నిజమే అవుతుంది. ప్రైవేటు స్కూలుకు ఫీజు కట్టే తల్లిదండ్రులు, కట్టిన డబ్బుకు కంటికి కనిపించే రుజువు కోరుకుంటున్నారు. నిండిన నోటుబుక్కే ఆ రుజువు. పక్కింటి పిల్లకు నాలుగు పేజీలు ఇచ్చి, మన పిల్లకు ఏమీ ఇవ్వకపోతే 'అక్కడ చదువు లేదు' అనేస్తారు. ఆ మాట పడడం కన్నా హోంవర్క్ ఇవ్వడమే స్కూలుకు సులువు. అడ్మిషన్లు తగ్గుతాయన్న భయం ముందు సర్క్యులర్ ఏపాటిది?

సర్కారు బడి సమస్య వేరు. 60 మంది వరకు పిల్లలుండే ప్రాథమిక పాఠశాలకు చట్టం ఇద్దరు టీచర్లనే లెక్కగట్టింది. ఇద్దరు కలిసి ఐదు తరగతులు నడపాలి. ఒకరు రెండు తరగతులతో, ఇంకొకరు మూడు తరగతులతో కూర్చుంటారు. మూడో తరగతికి లెక్క చెబుతుంటే ఒకటో తరగతి పిల్లలు ఏదో ఒకటి రాస్తూ ఉండాలి. అది అక్కడ పూర్తి కాదు కాబట్టి 'ఇంటికాడ రాసుకొని రండి' అనే మాట వస్తుంది.

ఈ రెండు చోట్లా ఒక పొరపాటు మాత్రం ఒకటే. రాసిన పేజీలను చదువు అనుకోవడం. 'ఏ' నుంచి 'జెడ్' వరకు ఐదుసార్లు దించిన పిల్లకు ఆ అక్షరాల శబ్దం తెలుసన్న గ్యారంటీ లేదు. ఒకటి నుంచి వంద వరకు తప్పులేకుండా రాసిన పిల్లాడిని 47 పెద్దదా, 74 పెద్దదా అని అడిగితే తికమక పడొచ్చు. చూసి రాయడం చేతి పని. చదివి అర్థం చేసుకోవడం వేరే పని.

ఉర్దూ ఇళ్లల్లో మూడు లిపులు

ముస్లిం కుటుంబాల్లో ఈ బరువు ఇంకో రకంగా పడుతుంది. పిల్లకు ఇంట్లో మాట ఉర్దూ. మక్తబ్‌లో ఖాయిదా కుడి నుంచి ఎడమకు చదువుతుంది. బడిలో ఇంగ్లిష్, తెలుగు ఎడమ నుంచి కుడికి. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మీడియం మొదలైంది. 2018 చట్టం ప్రకారం తెలంగాణలో ఏ మీడియం బడి అయినా తెలుగు నేర్పాల్సిందే. ఇవన్నీ అవసరమే, ఏదీ వద్దనడానికి లేదు. పిల్లలకు బహుభాషలు భారం కావు, సరిగ్గా నేర్పితే అది బలమే. కానీ మూడు లిపుల రాత పని ఒకే సాయంత్రం ఒకే తల్లి మీద పడితే ఏమవుతుందన్నది ప్రశ్న.

ఉదాహరణకు అంకెల పేర్లు తీసుకోండి. తెలుగులో ఇరవై ఒకటి, ఇరవై రెండు అని వరుసగా పోతుంది. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్ అని ప్రతిదానికీ వేరే పేరు. 29ని ఉంతీస్ అంటారు, అంటే ముప్పైకి ఒకటి తక్కువ అన్న అర్థం. ఇట్లా లెక్కపెట్టడం నేర్చిన పిల్లకు, ఇంగ్లిష్‌లో నంబర్ నేమ్స్ 1 నుంచి 50 వరకు రాసుకు రమ్మంటే ఏం చేస్తుంది? అమ్మీని అడుగుతుంది. ఆ అమ్మీ ఉర్దూ మీడియంలో చదివి ఉంటే, స్పెల్లింగ్ దగ్గర ఆమె కూడా ఆగిపోతుంది. తెలుగు గుణింతం దగ్గర మరీ కష్టం. ణ, ళ శబ్దాలు ఉర్దూలో లేవు. చెప్పేవారికే నోరు తిరగని శబ్దాన్ని పిల్ల ఎట్లా పలుకుతుంది? తప్పు రాస్తే మర్నాడు క్లాసులో పిల్ల తలవంచుకుంటుంది. 'మా ఇంట్లో చదువు రాదు' అన్న సిగ్గు ఆరేళ్లకే మొదలవుతుంది. హోంవర్క్ చేసే అన్నిటికన్నా పెద్ద నష్టం ఇదే.

దారి కూడా అదే ఇంట్లో ఉంది. కుర్చీ, కలం, కాగితం, జేబు, దుకాణం, కిటికీ, రోజు, తారీఖు. తెలుగు వాచకంలో కనిపించే ఈ మాటలకు ఉర్దూ పిల్ల కొత్తది కాదు. కుర్సీ, ఖలమ్, కాగజ్, జేబ్, దుకాన్, ఖిడ్కీ అని ఆమె రోజూ వింటున్నవే. తెలిసిన మాటతో తెలియని అక్షరాన్ని నేర్పితే పని సులువవుతుంది. 2022 అక్టోబర్‌లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా, మొదట చదవడం రాయడం పిల్ల ఇంటి భాషలో కుదరాలనే చెబుతోంది. ఇది క్లాసులో టీచర్ చేయాల్సిన పని. కాపీరైటింగ్ పేజీ ఇది చేయలేదు.

ఖర్చు ఎవరిది?

బడి తన పనిలో కొంత ఇంటికి పంపితే, ఆ ఖర్చు మాయం కాదు, చేతులు మారుతుంది. చదువుకున్న తల్లి ఉన్న ఇంట్లో అది ఆమె టైం. టైం లేని ఇంట్లో, చదువు రాని ఇంట్లో అది ట్యూషన్ ఫీజు. గ్రామీణ భారతంలో సర్వే చేసే అసర్ నివేదిక ప్రకారం, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లల్లో డబ్బు కట్టి ట్యూషన్‌కు వెళ్లేవారు 2018లో 26.4 శాతం ఉంటే 2022కు 30.5 శాతానికి పెరిగారు. పల్లెల్లోనే ఇట్లా ఉంది.

నెలకు 500 రూపాయలు అనుకున్నా, పది నెలలకు 5,000. ఇద్దరు పిల్లలుంటే 10,000. ఆటో నడిపే ఇంటికి, మెకానిక్ షెడ్డులో దినకూలీ చేసే ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. ఇంత పెట్టి కొనేది ఏమిటి? చాలాచోట్ల హోంవర్క్ పూర్తి చేయించడం మాత్రమే. పిల్ల ఉదయం బడికి, మధ్యలో మక్తబ్‌కు, సాయంత్రం ట్యూషన్‌కు తిరుగుతుంది. ఆడుకునే గంట పోతుంది. చదవడం మాత్రం వెనకబడే ఉంటుంది.

అసర్ 2024లో ఇంకో అంకె ఉంది. దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో ఇది 16.3 శాతమే కాబట్టి మెరుగైన మాట నిజం. అయినా నలుగురిలో ముగ్గురు చదవలేకపోతున్నారు. ఇన్ని పేజీల రాత ఎటు పోతున్నట్టు?

హోంవర్క్ పూర్తిగా దండగేనా?

కాదు. వయసును బట్టి ఉంటుంది. అమెరికాలో హ్యారిస్ కూపర్ బృందం అనేక అధ్యయనాలను కలిపి చూసి 2006లో ప్రచురించిన పరిశీలనలో, హైస్కూల్ పిల్లల్లో హోంవర్క్‌కూ మార్కులకూ సంబంధం బాగా కనిపించింది. చిన్న తరగతుల్లో అది చాలా బలహీనం. చైనా 2021 జూలైలో ఒకటి, రెండు తరగతులకు రాతపూర్వక హోంవర్క్‌నే నిలిపేసింది. మూడు నుంచి ఆరో తరగతి వరకు రోజుకు గంట దాటొద్దంది. పరీక్షల పోటీకి పేరుపడ్డ దేశమే ఈ మాట అన్నదని గుర్తుంచుకోవాలి.

ఇంట్లో చదువు అలవాటు ఉండాలనే తల్లిదండ్రుల ఆరాటం మంచిదే. కానీ అలవాటుకు నోటుబుక్కే అక్కర్లేదు. పది నిమిషాలు కథ చెప్పించుకోవడం, దుకాణంలో చిల్లర లెక్కపెట్టించడం, దారిలో బస్సు బోర్డు చదివించడం, ఇవన్నీ ఈ వయసుకు తగిన ఇంటి పనులే. చదువు రాని తల్లి కూడా వీటిలో చాలా చేయించగలదు, అదీ తన భాషలో.

వారం చివర ఏం చూడాలి?

రోజువారీ పేజీల బదులు వారానికోసారి పిల్లకు ఏం వచ్చిందో చూడడం మేలు. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన 'తొలిమెట్టు' ఉద్దేశం ఇదే. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు పిల్లల స్థాయి తెలుసుకుని, వెనకబడినవారికి మళ్లీ చెప్పాలన్నది అందులోని ఆలోచన. 2021 జూలైలో కేంద్రం ప్రారంభించిన నిపుణ్ భారత్ ప్రతి తరగతికీ స్పష్టమైన లక్ష్యాలు పెట్టింది. ఒకటో తరగతి పూర్తయ్యేసరికి నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి. 99 వరకు అంకెలు చదివి రాయాలి, చిన్న కూడికలు తీసివేతలు చేయాలి. రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలి, 999 వరకు అంకెలు రావాలి. అంతే.

దీన్ని ఇంట్లో చూసుకోవడం కష్టం కాదు. ఆదివారం ఐదు నిమిషాలు చాలు. పిల్ల ఇంతకుముందు చూడని ఒక చిన్న వాక్యం చదివించాలి. రెండు అంకెలు చూపించి ఏది పెద్దదో అడగాలి. ఈ వారం బడిలో విన్న ఒక విషయాన్ని ఉర్దూలోనో తెలుగులోనో చెప్పమనాలి. రాకపోతే తిట్టొద్దు, కొట్టొద్దు. ఏది రాలేదో గుర్తుపెట్టుకుని సోమవారం టీచర్‌కు చెప్పాలి.

టీచర్‌ను అడగాల్సిన ప్రశ్న కూడా మారాలి. 'హోంవర్క్ ఎందుకు ఇవ్వలేదు?' అని కాదు, 'ఈ వారం ఏం నేర్పారు, మా పిల్లకు ఎంత వచ్చింది?' అని. సర్కారు బడుల్లో చట్టం ప్రకారం ఉండే పాఠశాల యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఆ కుర్చీలో కూర్చున్న తల్లికి ఈ ప్రశ్న అడిగే హక్కు ఉంది. అన్ఎయిడెడ్ ప్రైవేటు స్కూళ్లకు ఈ నిబంధన వర్తించదు. అందుకని అక్కడ పేరెంట్స్ మీటింగే వేదిక. ఒక్కరు అడిగితే 'మీ ఒక్కరికే ఇబ్బందా?' అంటారు. పదిమంది కలిసి అడిగితే వినక తప్పదు. అప్పటికీ వినకపోతే జిల్లా విద్యాశాఖకు రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. సుబేదారి వాళ్లకు కలెక్టరేట్ దూరమేమీ కాదు, సోమవారం ప్రజావాణి ఉండనే ఉంది.

మొహల్లా పెద్దలు, మక్తబ్ నడిపేవారు కూడా ఒక పని చేయొచ్చు. మక్తబ్ టైం, ట్యూషన్ టైం, ఆట టైం ఒకదాని మీద ఒకటి పడకుండా తల్లిదండ్రులతో కూర్చుని సర్దుబాటు చేయడం. రాష్ట్ర మైనారిటీ గురుకులాల్లో చేరిక ఐదో తరగతి నుంచే మొదలవుతుంది. అంటే ఆ ముందరి నాలుగేళ్ల పునాది ఊళ్లోని బడిలో, ఇంట్లోనే పడాలి. అక్కడ చదవడం రాని పిల్లకు తర్వాత ఎంత మంచి గురుకులం దొరికినా, పోయిన ఏళ్లు తిరిగి రావు.

విద్యాశాఖ చేయాల్సింది కొత్త ఉత్తర్వు ఇవ్వడం కాదు. ఉన్నదాన్ని ప్రతి స్కూలు గేటు మీద తెలుగులో, ఉర్దూలో రాయిస్తే చాలు: రెండో తరగతి వరకు హోంవర్క్ లేదు అని. రాష్ట్రంలో ఉర్దూ రెండో అధికార భాష. ఆ హోదా ఆరేళ్ల పిల్ల తల్లికి అర్థమయ్యే ఒక్క వాక్యం రూపంలో కనిపిస్తే, నిబంధన తెలిసిన తల్లి మిగతా ప్రశ్నలు తానే అడుగుతుంది.