కొత్త జట్టుకు చోటు: దయతో కాదు, నిబంధనతో

మైదానంలో గెలుపోటములను బంతి నిర్ణయిస్తుంది. ఆ మైదానంలోకి ఎవరు అడుగు పెట్టవచ్చునో మాత్రం ఒక కమిటీ గదిలో, దరఖాస్తుల దొంతర ముందు నిర్ణయమవుతుంది. ఆ గదిలో జరిగే పనిని గురించి పత్రికలు రాయవు, టీవీలు చూపవు. అయినా వేలాది మంది యువకుల ఆట అక్కడ తీసుకునే నిర్ణయం మీదనే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ నెల ఇంగ్లండు ఫుట్‌బాల్‌లోని కింది అంతస్తుల పునర్వ్యవస్థీకరణను పాఠకుల ముందుంచుతున్నాము.

ఇంగ్లండులో పైనున్న నాలుగు డివిజన్లలో మొత్తం 92 క్లబ్బులున్నాయి. మన పిల్లలు చొక్కాల మీద పేర్లు వేయించుకునే పెద్ద క్లబ్బులన్నీ ఆ 92లోనివే. వాటికి వెలుపల ఉన్న విశాల వ్యవస్థను అక్కడివారు ‘నాన్-లీగ్’ అని పిలుస్తారు. అందులో ఆడేవారిలో అధికులు పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఆడేవారు. టిక్కెట్లు చించేవారు, గీతలు గీసేవారు, టీ కాచేవారు చాలావరకు స్వచ్ఛంద సేవకులే. పై మెట్టున దేశమంతటికీ ఒకే డివిజను. దిగువకు వచ్చేకొద్దీ ప్రాంతాలవారీగా డివిజన్లు పెరుగుతూ పోతాయి. మంచి జట్టు ఏటా ఒక మెట్టు ఎక్కవచ్చు, ఓడిన జట్టు ఒక మెట్టు దిగవచ్చు.

ఈ నిచ్చెన ఆకాశం నుండి ఊడిపడలేదు. 1986 వరకు పై లీగులోకి ప్రవేశం ఓట్ల మీద నడిచింది. అట్టడుగున నిలిచిన క్లబ్బులు తిరిగి ఎన్నిక కోసం దరఖాస్తు పెట్టుకునేవి. కొత్త క్లబ్బు కూడా దరఖాస్తు పెట్టుకునేది. ఓటు వేసేది మాత్రం లోపల ఉన్న క్లబ్బులే. లోపలివారు తమ పాత సహచరునికే ఓటు వేయడం సహజం. 1980లో నాన్-లీగ్ అగ్రస్థానం గెలిచిన ఆల్ట్రిన్‌చమ్ ఒకే ఒక్క ఓటు తేడాతో, 26కు 25గా, రోచ్‌డేల్ చేతిలో ఓడింది. ఆ ఓటమి మైదానంలో జరగలేదు. 1986-87 సీజను నుండి ఓట్ల పద్ధతి పోయి విజేతకు నేరుగా పదోన్నతి వచ్చింది. ఆ హక్కును మొదట అందుకున్నది స్కార్‌బరో. పట్టిక పైన నిలిచినవానికి ఇక ఎవరినీ బతిమాలవలసిన అవసరం లేకపోయింది.

అయితే ఒక తలుపు తెరుచుకున్నంత మాత్రాన అన్ని తలుపులూ తెరుచుకోవు. 1994లో కిడర్‌మిన్‌స్టర్, 1995లో మాకిల్స్‌ఫీల్డ్, 1996లో స్టీవెనేజ్ విజేతలుగా నిలిచి కూడా పైకి వెళ్లలేకపోయాయి. స్టేడియం ప్రమాణాలకు సరిపోలేదన్నది కారణం. సీజను ముగియక ముందే, గెలుస్తామో లేదో తెలియక ముందే, చిన్న క్లబ్బు అంత సొమ్ము వెచ్చించి సిద్ధంగా ఉండాలన్న గడువు న్యాయమైనదా? స్టీవెనేజ్ ఈ ప్రశ్నతో కోర్టుకెక్కింది. ఆలస్యంగా వచ్చారన్న కారణంగా వారికి ఉపశమనం దొరకలేదు. ప్రేక్షకుల భద్రతకు ప్రమాణం ఉండవలసిందే. దానిపై వివాదం లేదు. ఆ ప్రమాణాన్ని అందుకోవడానికి సహేతుకమైన వ్యవధి కూడా నిబంధనలోనే ఉండాలి. లేకపోతే భద్రత పేరుతో పెట్టిన గీత వెలివేత గీతగా మారుతుంది.

ఇక ప్రాంతీయ లీగుల సంగతి. కొత్త క్లబ్బులు దరఖాస్తు పెట్టినప్పుడు నిర్వాహకులకు ఎదురయ్యే చిక్కు మామూలు కూడికలు, తీసివేతల చిక్కే. ఇరవై క్లబ్బుల డివిజనులో ఒక్కో జట్టు 38 మ్యాచ్‌లు ఆడాలి. దానిని ఇరవై నాలుగు చేస్తే 46 అవుతాయి. అదనపు ఎనిమిది మ్యాచ్‌లు వారం మధ్య రాత్రుల్లోకి జరుగుతాయి. వాటిలో నాలుగు పరాయి ఊళ్లో ఆడాలి. మరునాడు ఉదయం పనికి వెళ్లవలసిన ఆటగానికి అది భారం. పోనీ డివిజనును పన్నెండేసి చొప్పున రెండుగా చీల్చితే ఒక్కో జట్టుకు 22 మ్యాచ్‌లే మిగులుతాయి. సొంత మైదానంలో పదకొండు. టిక్కెట్ల మీద, టీ దుకాణం మీద నడిచే క్లబ్బుకు ఆ పదకొండు రోజుల రాబడి సరిపోదు. కనుక కొత్తవారిని చేర్చుకోవడమంటే గీతలను తిరిగి గీయడమే. గీత ఎక్కడ పడినా ఎవరో ఒకరు దూరమవుతారు.

కెంట్ ప్రాంతం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడి కౌంటీ స్థాయికీ కెంట్ లీగుకూ నడుమ మెట్టు లోపించడంతో 2011లో కెంట్ ఇన్విక్టా లీగును నెలకొల్పారు. 2013లో కెంట్ లీగు సదరన్ కౌంటీస్ ఈస్ట్ లీగుగా పేరు మార్చుకుంది. 2016లో ఇన్విక్టా దానిలో విలీనమై డివిజన్ వన్ అయింది. రెండు సంస్థలు ఒకటై, ఒకే నిచ్చెనకు రెండు మెట్లయ్యాయి. జాతీయ స్థాయిలోనూ 2018లో మూడవ మెట్టు డివిజన్లను మూడు నుండి నాలుగుకు పెంచారు; 2021లో నాలుగవ మెట్టు డివిజన్లను ఎనిమిదికి, ఐదవ మెట్టు డివిజన్లను పదహారుకు పెంచారు. కరోనా వల్ల రెండు సీజన్లు అర్ధాంతరంగా ఆగిపోయాయి. వాటిలో ఆడిన మ్యాచ్‌లకు సగటు పాయింట్లు లెక్కగట్టి పైకి వెళ్లేవారిని ఎంచారు. ఆ లెక్కతో ఎవరైనా విభేదించవచ్చు. కానీ లెక్క అందరి ముందూ ఉంది.

ఈ గీతల మార్పు సమాజాలను ఎలా తాకుతుందో స్పోర్టింగ్ బెంగాల్ యునైటెడ్ కథ చెబుతుంది. తూర్పు లండనులోని బంగ్లాదేశీ కుటుంబాల యువకుల కోసం 1996లో ఏర్పడిన ఈ క్లబ్బు తన సొంత సమాజపు పోటీలతో తృప్తిపడలేదు. 2003లో కెంట్ లీగులో చేరింది. మైల్ ఎండ్‌లో ఆడే జట్టు థేమ్స్ నది దాటి, సముద్ర తీరాన ఉన్న డీల్ వరకు ప్రయాణించవలసి వచ్చేది. 2011లో అది నదికి ఇవతలి ఎసెక్స్ సీనియర్ లీగుకు మారింది. మ్యాపు మీద ఇది చిన్న సవరణ. బస్సు బాడుగ లెక్కించే కోశాధికారికి, రాత్రి పొద్దుపోయి ఇంటికి చేరే కొడుకు కోసం మేలుకుని ఉండే తల్లికి మాత్రం అది చిన్నది కాదు. ఒక సమాజపు పిల్లలు తమలో తాము ఆడుకోవడం ఒక దశ. అందరితో ఒకే పట్టికలో నిలిచి, అదే నిబంధనతో గెలిచి ఓడడం తరువాతి దశ. రెండవ దశకు దారి లేకపోతే మొదటిది ప్రహరీగోడగా మిగిలిపోతుంది.

మన దేశంలోనూ ఈ సత్యానికి సాక్ష్యముంది. 1891లో పుట్టిన కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ 1934లో కలకత్తా లీగు మొదటి డివిజనులోకి వచ్చింది. వచ్చిన ఏడాదే విజేత అయింది; 1938 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. రెండవ డివిజను నుండి పైకి మెట్టు లేకపోయి ఉంటే ఆ ప్రతిభ ఎవరి కంటా పడేది కాదు.

ఈ అనుభవాల నుండి మేము నాలుగు మాటలు స్పష్టంగా చెప్పదలచాము. ఒకటి, ప్రవేశానికి కావలసిన అర్హతలు దరఖాస్తు రాకముందే రాసి ప్రకటించాలి; దరఖాస్తుదారు ముఖం చూశాక రాసేది నిబంధన అనిపించుకోదు. రెండు, లోపల ఉన్న క్లబ్బులు అభిప్రాయం చెప్పవచ్చు గాని తీర్పరులు కారాదు. మూడు, తిరస్కరించినా, వేరే డివిజనుకు పంపినా కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. అప్పీలుకు గడువు, వినేవారు ఉండాలి. నాలుగు, దూరాన్నీ ఖర్చునూ పట్టికలోని పాయింట్లంత శ్రద్ధగా లెక్కించాలి. ఎందుకంటే ఆటలో ఓడి వెనుదిరిగిన జట్టు మళ్లీ వస్తుంది. బాడుగ కట్టలేక మానుకున్న జట్టు తిరిగి రాదు.

పాత క్లబ్బులకూ ఒక హక్కు ఉంది. దశాబ్దాలుగా మైదానాన్ని కాపాడుకున్నవారిని ఒక్క సంతకంతో దూరప్రాంతపు డివిజనులోకి నెట్టడం కూడా అన్యాయమే. కొత్తవారి హక్కు పాతవారి నష్టం మీద నిలబడనవసరం లేదు. మెట్లు పెంచితే ఇద్దరికీ చోటు దొరుకుతుందని కెంట్ చూపింది.

మన పట్టణాలలో, బస్తీలలో పోటీలు నడిపే యువజన సంఘాల పెద్దలకు మా విన్నపం ఇదే. వచ్చే ఏడాది పోటీకి ఆహ్వానాలు పంపే ముందు ప్రవేశ నిబంధనను ఒక కాగితం మీద రాసి గోడకు అతికించండి. కొత్త జట్టు వచ్చి అడిగినప్పుడు ఆ కాగితాన్నే చూపించండి.