ఆఫ్‌సైడ్‌ను తొలగించుట కాదు, తెలిసికొనుట అవసరం

మన కళాశాల మైదానంలో ఆడే ఫుట్‌బాల్ పోటీల నుండి ఆఫ్‌సైడ్ నిబంధనను ఎత్తివేయాలనే మాట ఇటీవల విద్యార్థుల నోట తరచుగా వినవస్తున్నది. తగాదాలన్నిటికీ అదే మూలమని వారి వాదన. తగాదాలు ఉన్నమాట నిజమే. రిఫరీ ఈల వేయగానే "పక్షపాతం" అనే మాట పుట్టడం, అది ఆట ముగిసిన తరువాత కూడా తరగతి గదులలోనికి నడచి రావడం మనమందరం ఎరిగినదే. ఒక జట్టులో ఉర్దూ శాఖవారు, మరొక జట్టులో తెలుగు శాఖవారు అధికంగా ఉన్ననాడు ఆ మాట మరింత చేదుగా పరిణమిస్తున్నది. కాని రోగం నిబంధనలో లేదు, దానిని సగమే తెలిసికొనడంలో ఉన్నదని మా అభిప్రాయం.

నిబంధన చెప్పేది ఇంతే. ఆటగాడు ప్రత్యర్థుల సగభాగంలో ఉండి, బంతి కంటెను, ప్రత్యర్థులలో చివరి నుండి రెండవవాని కంటెను గోలు గీతకు చేరువగా ఉన్నచో అతడు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్లు. ఆ చివరివాడు సాధారణంగా గోల్‌కీపరే. తల, మొండెం, పాదాలు లెక్కకు వస్తాయి; చేతులు రావు. అయితే ఆ స్థానంలో నిలిచినంత మాత్రాన నేరం కాదు. బంతిని తాకడమో, ప్రత్యర్థికి అడ్డుపడడమో, కీపరు చూపును మరుగుపరచడమో, కొట్టుకొని తిరిగివచ్చిన బంతితో లాభం పొందడమో జరిగినప్పుడే నేరం. త్రో-ఇన్, కార్నర్ కిక్, గోల్ కిక్‌ల నుండి నేరుగా బంతి అందుకొన్నవానికి ఈ నిబంధన వర్తించదు.

అసలు చిక్కు ఎక్కడ? ఆటగాని స్థానాన్ని చూడవలసినది అతడు బంతిని అందుకొన్నప్పుడు కాదు, తోటివాడు దానిని తన్నిన క్షణంలో. మన ప్రేక్షకులందరి కన్నులూ బంతి వెంట పరుగెత్తుతాయి, బంతి చేరే వేళకు ముందున్నవాడు బ్యాకులను దాటి పది గజాలు పోయి ఉంటాడు, "ఆఫ్‌సైడ్!" అని కేకలు. మన చెడుగుడు ఆటలో ఈ తికమక ఎన్నడైనా కలిగినదా? కూత తెగినది గీతను తాకక ముందా, తరువాతనా అన్నదే అక్కడ ప్రశ్న. కూతకు వెళ్లినవాడు చివరకు ఎక్కడ పడ్డాడన్నది ఎవరూ అడుగరు. ఆ క్షణాన్ని పట్టుకొనడం ఉద్దానపు ఇసుకలో ఆడిన ప్రతి బాలునికీ తెలుసు. ఫుట్‌బాల్‌లో తన్నిన క్షణం అటువంటిదే.

బీచ్ సాకర్‌లోను, ఫుట్సాల్‌లోను ఆఫ్‌సైడ్ లేదు గదా అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. అవి చిన్న స్థలంలో ఐదుగురేసి ఆడే ఆటలు. పదకొండుగురు ఆడే విశాలమైన మైదానంలో ఈ నిబంధన లేనిచో ఒకడు గోలు ముందు కాపు కాస్తాడు, మిగిలినవారు దూరం నుండి బంతిని అతని నెత్తిమీదికి తన్నుతారు. ఇక అందించుకొని ఆడవలసిన అవసరమేమి?

ఆ అందింపుల ఆటను మన తెలుగు నేలమీద నేర్పిన మహనీయుడు హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారతదేశం నాలుగవ స్థానం పొందినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించినది. సికింద్రాబాదు సమీపపు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోను ఉన్నాడు. వారి కాలంలో నిబంధన నేటికంటె కఠినం. చివరి నుండి రెండవవానితో సమానంగా నిలిచినా ఆఫ్‌సైడే. ఆ మినహాయింపు 1990లో గాని రాలేదు. ఆ కాఠిన్యంలోనే వారు గోళ్లు చేశారు.

2022 నవంబరు 22న ఖతార్‌లో సౌదీ అరేబియా అర్జెంటీనాను 2–1తో ఓడించిన ఆటను చూసినవారు మనలో అనేకులు ఉన్నారు. గల్ఫ్‌లో అన్నలున్న ఇళ్లు ఉద్దానంలో తక్కువేమీ కావు. తొలి సగంలో అర్జెంటీనా గోళ్లు మూడు ఆఫ్‌సైడ్ క్రింద రద్దయినవి. సౌదీ బ్యాకులు గోలు వద్ద దాగక, ధైర్యంగా ముందుకు వచ్చి ఒకే వరుసలో నిలిచారు. ఆ పోటీలలో బంతిలోనే అమర్చిన పరికరం సెకనుకు 500 సార్లు సమాచారం పంపేది, తన్నిన క్షణాన్ని ఖచ్చితంగా పట్టుకొనుటకే.

మనకా యంత్రాలు అక్కరలేదు. కళాశాల కమిటీవారిని మేము కోరేది స్వల్పం: పోటీలకు ముందు సున్నపు గీతలు, రెండు జెండాలు, జట్ల నాయకులకు నిబంధనల ప్రతి ఒకటి ఉర్దూలోను, ఒకటి తెలుగులోను. లైన్స్‌మన్లుగా ఆనాడు ఆడని తరగతి నుండి ఇద్దరిని, శాఖకు ఒకరిని ఎన్నుకొనవచ్చును. వారికి ముందుగా ఒక సాయంకాలం అభ్యాసం చేయించవలెను: నడవవలసినది బంతి వెంట కాదు, చివరి నుండి రెండవ ఆటగాని వెంట, బంతి అతనిని దాటి గోలు వైపు పోయినచో అప్పుడు మాత్రం బంతి వెంట.