శస్త్రచికిత్స తర్వాత చలి

శీతాకాలపు ఉదయాన రామసముద్రం నుంచి మదనపల్లె ఆసుపత్రికి చేరేసరికే వృద్ధుల ఒళ్ళు చల్లబడవచ్చు. ఆపై పూర్తి మత్తు ఇస్తే రక్తనాళాలు వ్యాకోచించి లోపలి వేడి చర్మం వైపు తరలిపోతుంది. మొదటి గంటలోనే ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా తగ్గవచ్చు. అది 36 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగితే రక్తస్రావం, గాయానికి చీము పట్టే అవకాశం హెచ్చుతాయి. పసిపిల్లలకు, బక్కపలచని వారికి, పొట్ట తెరిచి గంటల తరబడి చేసే శస్త్రచికిత్సల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ.

అందువల్ల థియేటరుకు తీసుకువెళ్ళేదాకా దాదీ ఒంటిపై శాలువా తీయకండి. చలిగా ఉంటే నర్సుకు చెప్పమనండి. మన పెద్దలకు మొహమాటం ఎక్కువ. తర్వాత వణికితే జ్వరమని మీరే తేల్చుకోక ఉష్ణోగ్రత చూడమని అడగండి. మత్తు వదలని వారి పాదాల వద్ద వేడినీళ్ళ సంచి మాత్రం పెట్టకండి. చర్మం కాలినా వారికి తెలియదు.