టర్బో నేనే విప్పుతానన్నారు మా ఆయన

మిక్సీ జార్ అడుగున నల్లటి జిడ్డు కనిపిస్తే చాలు, బుష్ అరిగిందని మనకు తెలిసిపోతుంది. పోయిన నెల మా ఆయన కారు టర్బో సంగతి చెబుతుంటే నాకు గుర్తొచ్చింది ఆ జారే.

మాది పాత డీజిల్ కారు. సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వెళ్తుంటే పికప్ లేదు. ఈల వేసినట్టు సన్నటి మోత, వెనక నీలం పొగ. మెకానిక్ అన్న గాలి పైపు ఊడదీసి, లోపలి చక్రాన్ని వేలితో కదిపి చూపించాడు. ఇరుసు అటూ ఇటూ ఊగుతోంది. బాగు చేయించడానికి అతను చెప్పిన డబ్బు మాకు రెండు నెలల కిరాణా. రిపేర్ కిట్ ఒక్కటే అయితే అందులో చిన్న వంతు. రాత్రంతా వీడియోలు చూసి, ఆదివారం నేనే విప్పేస్తా అన్నారు ఈయన.

నేను నవ్వలేదు. కుక్కర్ గాస్కెట్, మిక్సీ కప్లర్ నేనే మార్చుకుంటాను. చేతనైన పనికి డబ్బివ్వడం నాకూ నచ్చదు. కానీ మిక్సీ నిమిషానికి ఇరవై వేల చుట్ల దాకా తిరిగితే, టర్బో ఇరుసు లక్ష దాటి తిరుగుతుంది. అదీ పలుచటి ఆయిల్ పొర మీద. అందుకే కొత్త బుష్‌లు వేశాక దాన్ని మిషన్ మీద పెట్టి బ్యాలెన్స్ చూస్తారు. అక్కడి తేడా మన కంటికి కనిపించదు. ఇంట్లో విప్పి బిగించడం వస్తుందేమో, ఆ మిషన్ మాత్రం ఇంట్లో ఉండదు కదా. పైగా ఆయిల్ గాలి పైపులోకి బాగా కారితే, డీజిల్ ఇంజన్ దాన్నే కాల్చుకుంటూ తాళం తిప్పినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. జార్ చెడితే పచ్చడి పోతుంది, అంతే. కారు వెనక సీట్లో కూర్చునేది పిల్లలు, అత్తమ్మ.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. స్కూలు ఫీజులు కట్టాలని ఆయిల్ మార్చడం రెండుసార్లు వాయిదా వేయించింది నేనే. మాడిన ఆయిల్ మడ్డిగా మారి సన్నటి పైపులో పేరుకుంటే బుష్‌లకు ఆయిల్ అందదు. ఆ పైపు సంగతి చూడకుండా ఎంత పెద్ద షాపులో బాగు చేయించినా టర్బో మళ్లీ అరుగుతుంది. ఇది మాత్రం వీడియోలు చూసినందుకే మాకు తెలిసింది. ఆ పుణ్యం ఆయనదే.

అందుకని పని పంచుకున్నాం. పైపులు విప్పడం, ఇంటర్‌కూలర్‌లో చేరిన ఆయిల్ వంచేసి కడగడం, ఆయిల్, ఫిల్టర్ మార్చడం ఆయన వంతు. టర్బో మాత్రం బ్యాలెన్స్ మిషన్ ఉన్న షాపుకు. పాత బుష్‌లు, బ్యాలెన్స్ చూసిన కాగితం ఇవ్వాలని ముందే చెప్పమన్నాను. మీ ఇంట్లో ఈ పని పడితే మీరూ అడగండి, మొహమాటం వద్దు. తుడిచి ఇచ్చి బాగు చేశామనేవాళ్లూ ఉంటారు. ఆదివారం మా వాకిలంతా ఆయిల్ మరకలే, కడగడానికి సర్ఫ్ సగం ప్యాకెట్ పోయింది. ఆ ఖర్చు ఆయన లెక్కలో లేదు లెండి.

ఇప్పుడు ఊరి నుంచి రాగానే ఒక నిమిషం ఇంజన్ నడవనిచ్చి, టర్బో చల్లబడ్డాకే ఆపుతున్నారు. ఆలోగా అత్తమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని నిదానంగా దిగుతుంది.