కెమెరాకు కనబడని కూలీలు

స్పీడు కెమెరాలు ఖజానా నింపడానికేనని వాహనదారులు అంటున్నారు. తప్పుడు చలానాను సవాలు చేసే హక్కు ఉండాల్సిందే. కానీ జగదల్‌పూర్ మీదుగా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి అంచున సంతకు నడిచే ఆదివాసీ తరఫున మాట్లాడే సంఘమేది? అందుకే 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 136ఎ సెక్షన్‌ను, అంటే ఎలక్ట్రానిక్ నిఘాను, నేను సమర్థిస్తాను.

అయితే కెమెరా ఒక్కటే చాలదు. 2024 మే 20న ఇదే ఛత్తీస్‌గఢ్‌లోని కవర్ధా జిల్లాలో పికప్ వ్యాన్ లోయలో పడి 19 మంది బైగా ఆదివాసీలు చనిపోయారు. తునికాకు కోసి తిరిగొస్తున్న కూలీలు వాళ్లు. సరుకుల బండిలో మనుషులు ఎందుకు ఎక్కాల్సి వస్తోందో వేగం కొలిచే యంత్రం అడగదు. మనం అడగాలి. జరిమానా సొమ్ము ముందుగా పల్లె బస్సుకు, నడకదారికి చేరాలి.